గౌలిపురలో గేటు దాటిన వాయువు

కరోనా తర్వాత బడులు మళ్ళీ సక్రమంగా నడవడం మొదలైన ఏడాది జూన్‌లో నన్ను గౌలిపురలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, భౌతికశాస్త్రం. హైస్కూల్ పిల్లలకు ఆ సబ్జెక్టు చెప్పే టీచరుకు సర్కారు పెట్టిన పేరు అది. రిటైర్మెంటుకు ముందు నా చివరి బడి కూడా అదే.

ఆ బడిలో నాకు బాగా నచ్చింది సైన్సు గది. పొడవాటి బల్లలు, నీళ్ళ కుళాయి, తాళం పడే బీరువా ఉన్నాయి. ఆ వానాకాలం స్టోర్ రూం కురిసి, పాఠ్యపుస్తకాల కట్టలు తడిశాయి. వాటిని సైన్సు గదిలోకి మార్చాలని హెడ్మాస్టరమ్మ పట్టుబట్టారు. ఆమె బాధ న్యాయమైనదే. నాదీ న్యాయమైనదే. ఇద్దరం డిప్యూటీ ఈవో గారికి విన్నవించుకున్నాం. హైస్కూళ్ళ తనిఖీ ఆయన పని. వచ్చి పాఠం చూసి తేలుస్తానన్నారు.

ఏడో తరగతికి పదార్థపు స్థితుల పాఠం తీసుకున్నాను. పదార్థమంతా కంటికి కనబడని కణాలని, అవి ఎప్పుడూ కదులుతూనే ఉంటాయని పుస్తకంలో చదివితే పిల్లలకు నిద్ర వస్తుంది. అందుకని పిల్లలనే కణాలు చేశాను. ఈ పద్ధతి నాకు ట్రెయినింగ్ కాలేజీలో రాలేదు. మా చర్చి సంఘంలో ఏళ్ళ తరబడి ఆదివారం బడి నడిపాను. చేతులు, కాళ్ళు ఆడిస్తూ నేర్చుకున్న వాక్యం పిల్లలు మరచిపోరని అక్కడే తెలుసుకున్నాను.

గదిలో బల్లలు అడ్డం కాబట్టి పాఠం వాకిట్లో పెట్టాను. ఘనమంటే వరుసల్లో భుజాలు తగిలేలా నిలబడి, ఉన్నచోటే వణకాలి. ద్రవమంటే ఒకరినొకరు ఆనుకునే జరుగుతూ ఉండాలి. వాయువంటే విడిపోయి, గోడ తగిలేదాకా నేరుగా ఉరకాలి. తగిలితే తిరగాలి.

తనిఖీ రోజు పొద్దున మోకరించి, పిల్లలు చురుకుగా ఉండేలా చూడమని ప్రార్థించాను. ఏది అడిగినా వివరంగా అడగమని మా పాస్టరు గారు చెబుతుండేవారు. ఎంత చురుకుగా అన్నది నేను చెప్పలేదు.

ఘనం అందంగా వణికింది. ద్రవం కొంచెం లొల్లి చేసినా బాగానే పారింది. “వాయువు” అని నేను కేక వేయడం, డిప్యూటీ ఈవో గారి కారు వచ్చిందని అటెండరు ఖాజా గేటు బార్లా తెరవడం ఒకేసారి జరిగాయి. గోడల వైపు ఉరికిన కణాలు బుద్ధిగా తిరిగి వచ్చాయి. గేటు వైపు ఉరికినవాళ్ళకు గోడ ఏది? కారుకు అటూ ఇటూ చీలి గల్లీలో పడ్డారు. వాళ్ళను చూసి తిరిగొచ్చినవాళ్ళూ అటే మళ్ళారు.

ఆయన కారు దిగేసరికి వాకిట్లో నేను, చేతిలో సుద్దముక్క మిగిలాం.

“క్లాసు ఏది మాస్టారూ?” అన్నారు.

“వాయు స్థితిలో ఉంది సార్” అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నాకు తోచలేదు.

హెడ్మాస్టరమ్మ నా వైపు చూసి మెల్లగా, “గది సంగతి ఇగ అడగకుండ్రి సార్” అన్నారు.

అప్పటికే ఖాజా గల్లీలో పడి, “ఇధర్ ఆవ్ రే” అని వాళ్ళను వెనక్కి పిలుస్తూ అరుస్తున్నాడు. ఇద్దరు బర్రెల కొట్టంలోకి వెళ్ళారు. ఒకడు పాలాయన సైకిలుకు తగిలి, నియమం ప్రకారం వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళు కంటికి ఆనలేదు.

ఆ రోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు. ఆయా యాదమ్మ ఈ గోలంతా చూసి, గంటెతో పళ్ళెం మీద మోగించి, “గుడ్లు ఉడికినయ్, లైన్ల లేనోళ్ళకు లేదు” అని గల్లీ వినేలా అన్నది. పిల్లలు ఏ సందులోంచి వచ్చారో చెప్పలేను. చూస్తుండగానే వాకిట్లో వరుసలు కట్టి, భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఆయాసంతో వణుకుతున్నారు కూడా.

డిప్యూటీ ఈవో గారు ముందు వరుసలోని రుబీనాను అడిగారు. “వాయువు నడుమ ద్రవం కాకుండానే ఘనమైంది. ఏందిది?”

“ఫినాయిల్ గోలీలు పెట్టెల ఉన్నకాడనే గాలైపోతయి గద సార్, దానికి ఉల్టా” అంది ఆ పిల్ల, కళ్ళు గుడ్ల గిన్నె మీదే ఉంచి.

ఆయన మొదటిసారి నవ్వారు. అంతలో పాలు అమ్మే గౌలి వాళ్ళ శంకర్ రొప్పుతూ గేట్లో అడుగు పెట్టాడు. పక్క పేట మొఘల్‌పురా దాకా పోయాడట.

“గట్ల ఏడికి పోయినవ్ రా?” అన్నారు హెడ్మాస్టరమ్మ.

“గోడ తగల్లే మేడం” అన్నాడు.

డిప్యూటీ ఈవో గారు హెడ్మాస్టరమ్మతో అన్నారు. “అమ్మా, ఈ సార్‌కు నాలుగు గోడలు, ఒక తలుపు లేకుంటే మీ పిల్లలు నయాపూల్ దాటి మూసీ అవతలికి పోతరు. గది ఆయనకే ఉంచండి. పుస్తకాలు స్టాఫ్ రూంల పెట్టించండి.”

ఆ ఏడాదంతా మేము స్టాఫ్ రూంలో పుస్తకాల కట్టల మీద కూర్చుని అన్నం తిన్నాం. నా సహోద్యోగులు నన్ను సార్ అనడం మానేసి, “గ్యాస్ అన్నా” అని పిలిచారు.

అటు తర్వాత రిటైరయ్యేదాకా, బల్లలు గోడకు జరిపిన సైన్సు గదిలో, వాయువుల పాఠానికి ముందు ప్రార్థన చేసేవాణ్ణి, తలుపు గడియ పెట్టేవాణ్ణి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.