నీళ్లు రాలేదంటే నీళ్లు లేనట్టేనా?

సింగపూర్‌లో ఉండి గడ్డకట్టే చలికి భయపడిన మనిషిని ఎవరైనా చూశారా? నేను భయపడ్డాను. ఆ చలి నా ఒంటిని తాకింది కాదు. ఎక్కడో జపాన్ దక్షిణ కొసన, ఒక చిన్న రేవులో, మూడు పడవల ఇంజిన్ల మీద పడింది.

అవి వై టూ కే రోజులు. కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ విమానం టికెట్ దొరికేది. నేనూ అలాగే వచ్చి, జురాంగ్ ఈస్ట్ దగ్గర చిన్న పడవలు తయారుచేసే కంపెనీలో చేరాను. షెడ్డులో మనుషుల జ్ఞాపకం మీద నడిచే పనినంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. ప్రతి పనికీ ఒక ఫారం, ప్రతి మెట్టుకీ ఒక గడి. గడిలో టిక్కు పడితేనే తర్వాతి గడి తెరుచుకుంటుంది.

ఈ పని నాకోసమే పుట్టిందనుకున్నాను. కాలేజీ నాటినుంచి వాదసభల్లో ముహూర్తాలనీ శకునాలనీ నిలదీసినవాణ్ణి. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేని ఆచారం ఏదైనా పోవలసిందేనన్నది నా పట్టు. ఆ పట్టు ఇప్పటికీ వదల్లేదు. దాన్ని ఎంత వంకరగా పట్టుకున్నానో మాత్రం ఆ శీతకాలంలో తెలిసింది.

షెడ్డులో ఇంజిన్లు చూసే పెద్దాయన అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. తాతగారు ఎప్పుడో విశాఖ తీరం నుంచి వచ్చారట. ఆయన తెలుగు ఉత్తరాంధ్ర యాసలోనే ఉండేది, మధ్యలో అరవం దొర్లేది. నేను అంకుల్ అనేవాణ్ణి, ఆయన నన్ను తంబీ అనేవాడు. అరవై దాటాయి కాబట్టి ఆయన కొలువు ఏటేటా కొత్తగా రాసే కాగితం మీద నడిచేది. ఆ ఏటి కాగితానికి గడువు దగ్గరపడింది.

పడవను ఇక్కడి సముద్రంలో నడిపి చూశాకే బయటికి పంపేవాళ్లు. ఇంజిన్‌ను చల్లబరచడానికి లోపల తిరిగేది ఆ సముద్రపు నీరే. పంపేముందు దాన్ని పూర్తిగా తీసెయ్యాలి. చలిలో అది గడ్డకడితే, ఉబ్బి పోత ఇనుమును కూడా చీల్చేస్తుంది. అంకుల్ ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పేవాడు. నీళ్లన్నీ కారి, ఇక బొట్టు కూడా రాదనుకున్నాక, జేబులోంచి ఒక ఇనుప తీగ తీసి ఆ రంధ్రంలో నాలుగుసార్లు పొడిచేవాడు.

ఎందుకని అడిగాను.

"మా పాత ఫోర్మన్ పొడిసేవోడు. నానూ పొడుస్తన్నాను."

"ఇంజిన్‌కి దిష్టి తీస్తున్నారా అంకుల్?"

పక్కనున్న వెల్డర్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి, తీగ తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నేను నాలుగు ఇంజిన్ల దగ్గర నిలబడి గమనించాను. తీగతో పొడిచాక ఒక్కదాంట్లోంచీ చుక్క రాలేదు. ఇంతకంటే రుజువేం కావాలి? ప్లగ్ విప్పాలి, నీళ్లు ఆగేదాకా చూడాలి, ఆగాక 'ఖాళీ' గడిలో టిక్కు పెట్టాలి అని ఫారం రాశాను. తీగకు గడి ఇవ్వలేదు. ఫారంలో లేని పని ఎవరూ చేయకూడదని మేనేజర్ షెడ్డులో చెప్పాడు. అంకుల్ తీగను పెట్టెలో పడేశాడు. ఫారం కింద సంతకం మాత్రం ఆయనదే.

మూడు పడవలు జపాన్‌లోని ఆ రేవుకు వెళ్లాయి. అక్కడ చలి తక్కువ. శీతకాలపు సగటు ఉష్ణోగ్రత చూసి నిశ్చింతగా ఉన్నాను. కొన్ని వారాల తర్వాత, మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో తింటుంటే గోడమీద టీవీలో వార్త వచ్చింది. ఆ తీరమంతా చలిగాలులు, రెండు రాత్రులుగా సున్నాకు కిందే. ఎదురుగా కూర్చున్న అంకుల్ తినడం ఆపేశాడు.

"పడవలు నీళ్లల్లో ఉన్నాయా తంబీ, ఒడ్డు మీదా?"

ఒడ్డు మీదేనన్నాను. నీళ్లల్లో ఉంటే సముద్రం కొంత కాపాడేదనీ, ఒడ్డు మీదైతే అన్ని పక్కలా చలేననీ అన్నాడు. ఇంజిన్లు ఖాళీయే కదా అన్నాను.

"నువ్వు సూసిన నాలుగూ కొత్తవి. ఎల్లినవాట్లో ఒకటి పాత ఇంజిన్ బాగుసేసి పెట్టింది. తుప్పు పెచ్చులొచ్చి బొక్కకి అడ్డం కూకుంటాయి. నీళ్లు లోపలే ఉండిపోతాయి, మనకి బొట్టు రాదు."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"దిష్టి అని నవ్వీసినావు. నవ్వినాక ఇంకేటి సెప్తాను?"

ఆఫీసుకు పరుగెత్తి ఆ రేవుకు ఫోన్ చేశాను. అక్కడి కాపలాదారు మర్నాడు పొద్దున విప్పి చూస్తానన్నాడు. తీగతో పొడవమని మూడుసార్లు చెప్పాను. ఆ సాయంత్రం బుకిట్ బటోక్‌లోని నా గదికి రైలెక్కాను. దేవుడికి మొక్కుకునేవాళ్లను తలుచుకుని జీవితంలో మొదటిసారి అసూయపడ్డాను. వాళ్లకు చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు లెక్కలు తప్ప ఏమీ లేవు, ఆ లెక్కలన్నీ చీలిక దగ్గరే ఆగేవి. వాటి వెనకే ఇంకో ఆలోచన నక్కి ఉంది: ఫారం మీద ఉన్నది అంకుల్ సంతకం, నాది కాదు. ఇంజిన్ చీలకపోతే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. చీలితే? రుజువు వచ్చేదాకా ఆగడం శాస్త్రీయం కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పిరికితనం ఎంత చక్కని మాటలు మాట్లాడుతుందో!

మర్నాడు ఫ్యాక్స్ వచ్చింది. రెండు ఇంజిన్లు పొడిగా ఉన్నాయి. మూడోదాంట్లో తీగ దూర్చగానే తుప్పు బురద, దాని వెనక నీళ్లు. ఇంజిన్ బ్లాక్ పక్కన జానెడు చీలిక.

మేనేజర్ అంకుల్‌ను పిలిచి ఫారం ముందు పెట్టాడు. సంతకం నీదేనా, ఖాళీ అని టిక్కు పెట్టింది నువ్వేనా అని అడిగాడు. అంకుల్ అవునన్నాడు. అంతే. నా వైపు చూడనైనా చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ నేను లోపలికి వచ్చాను.

"తీగ పనిని కొట్టేసింది నేను," అన్నాను. "ఫారంలో లేనిది చేయొద్దన్నది మీరు. ఆయన మనిద్దరి మాటా విన్నాడు. అదే జరిగింది."

మేనేజర్ ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. ఆ మాటే దాని మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నా పేరు మీద ఒక హెచ్చరిక పడింది. అంకుల్ కాగితాన్ని మళ్లీ రాశారు గానీ, ఏడాదికి కాదు, ఆరు నెలలకే. అది న్యాయమని నేను ఇప్పటికీ అనను.

ఆ వారమే కొత్త ఫారం తయారుచేశాను. 'తీగతో పొడవాలి' అని గడి చేర్చి, అంకుల్‌ను పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించాను. సంతకానికి కలం ఇస్తే తీసుకోలేదు.

"ఎందుకో కూడా రాయి తంబీ. లేపోతే రేపు నీలాటోడు ఇంకొకడొచ్చి కొట్టేస్తాడు."

గడి పక్కన ఎందుకో చెప్పే రెండు వాక్యాలు పట్టేలా స్క్రీన్ మొత్తం మార్చడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. అంకుల్ కదలకుండా కూర్చుని చూశాడు.