పెట్టుబడికి పసుపుతాడు

ఆ ఏడాదంతా నాకు భయంతోనే మెలకువ వచ్చేది. ఆ తర్వాతే గుర్తొచ్చేది, ఎందుకు భయపడుతున్నానో.

చైతన్యపురి మెయిన్ రోడ్డు వెనక సందులో మా వంటశాల. పన్నెండు మంది ఆడవాళ్లు అక్కడ వండేవారు. చుట్టుపక్కల హాస్టళ్లకు టిఫిన్లు, భోజనాలు పంపేవాళ్లం. వాళ్లెవరూ జీతానికి చేసేవాళ్లు కాదు, అందరూ వాటాదారులే. వచ్చిన లాభం సమానంగా పంచుకోవాలన్నది మేము మొదటిరోజే పెట్టుకున్న నియమం. ధర్మసంస్థ కాదు గనుక మాకు విరాళాలు రావు. లాభాలు గుంజే వ్యాపారం కాదు గనుక పెట్టుబడి పెట్టేవాళ్లు దగ్గరికి రారు. రెంటికీ చెడ్డ రేవడి అని మా ఆయన ఎగతాళి చేసేవారు. తర్వాత తర్వాత ఎగతాళి మానేశారు. అప్పుడు నాకు ఇంకా భయమేసింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు సన్నగిల్లేసరికి ఆ కోచింగ్‌లకు వచ్చే పిల్లలు తగ్గారు. ఏ హాస్టల్ గేటు చూసినా టులెట్ బోర్డే. మా భోజనాలు సగానికి పడిపోయాయి. ఆఫీసు క్యాంటీన్లకు పంపితే నిలదొక్కుకోగలం, కానీ దానికి పెద్ద ఆవిరి పొయ్యిలు కావాలి, బండి కావాలి. మంచిపనికి పెట్టుబడి పెడతామని చెప్పుకునే సంస్థలకల్లా రాశాను. అందరూ మెచ్చుకున్నారు, ఈ ఏడాది మాత్రం కుదరదన్నారు. డబ్బున్నవాళ్లు కూడా భయపడుతున్న రోజులవి. చివరికి ముంబయి నుంచి ఒక సంస్థవాళ్లు, వచ్చి చూస్తామన్నారు. ఇదీ తప్పిపోతే నెలాఖరుకు వంటశాల మూసెయ్యాల్సిందే. ఆ మాట నేను వంటశాలలో ఎవరి దగ్గరా దాచలేదు.

మావాళ్లలో ఎక్కువమంది నల్గొండ పల్లెల నుంచి వచ్చి ఎల్బీ నగర్ అవతల కిరాయి గదుల్లో ఉండేవాళ్లు. అందరిలోకీ వయసులో పెద్దావిడను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె మాటే అక్కడ శాసనం. నాది గుంటూరు వైపు. నా మాట తీరును వాళ్లు నా ఎదుటే అనుకరించి పడీపడీ నవ్వేవాళ్లు. ఆ ఏడాది అదీ తగ్గింది.

ముంబయి ఆయన వచ్చే రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎదురెళ్లి కిరాయి కారులో ఎక్కించుకున్నాను. మనిషి మర్యాదస్థుడు, మెత్తగా మాట్లాడతాడు. తీరా వంటశాల తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాను.

పన్నెండు మందీ పట్టుచీరల్లో ఉన్నారు. తలల్లో మల్లెపూలు, చెవులకు కమ్మలు, మెడల్లో పుస్తెలతాళ్లు, వాటి పక్కన ఇంకో రెండు వరసల గొలుసులు. సగం నగలు అక్కలవీ వదినెలవీ, ఆ ఉదయం అడిగి తెచ్చుకున్నవి. పొయ్యిల మీద హాస్టల్ వంట లేదు. బగారా అన్నం, మటన్ కూర ఉడుకుతున్నాయి. పెద్దసారు ఇంటికొస్తుంటే పాతచీరలో ఎదురుపడటం వాళ్ల లెక్కన ఆయన్ని అవమానించడమే. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

ఆయన కుర్చీలో కూర్చుని, మీ కష్టాలేమిటో చెప్పమన్నారు. నేను తెలుగులో అడిగాను. పెద్దమ్మ కొంగు సర్దుకుని అందరి తరఫునా జవాబు చెప్పింది.

"మాకేం తక్లీఫ్ లేదు సార్. మంచిగున్నం. మీరు మొదలు తినుండ్రి."

ఇంకోసారి అడిగాను. కళ్లతో బతిమాలుతూ అడిగాను. పిల్లల ఫీజుల సంగతి చెప్పండి, కిరాయి సంగతి చెప్పండి అని నేనే అందించాను. అన్నం పెట్టే వేళ చుట్టం ముందు బాధలు చెప్పుకోవడమేమిటని ఒకామె నన్నే కసిరింది. ఆయన శాకాహారి. బగారా అన్నం రెండు ముద్దలు తిని, చాలా బాగుందని చెప్పి వెళ్లిపోయారు. వాళ్లేమో సారుకు మనం నచ్చినం అని ఎంతో సంబరపడ్డారు.

రెండు రోజుల తర్వాత ఫోనొచ్చింది. మీరు చేస్తున్న పని గొప్పదే, కానీ ఆ ఆడవాళ్లను చూస్తే బాగానే స్థిరపడినట్టున్నారు, మా డబ్బుతో మారేదేముందని మా కమిటీ అడిగితే నేనేం చెప్పను, అన్నారాయన. ఈ రోజుల్లో ప్రతి రూపాయికీ సంజాయిషీ చెప్పుకోవాలట. శుక్రవారం కమిటీవాళ్లు వీడియోలో ఓసారి చూస్తారు, మామూలుగా ఎలా ఉంటారో అలాగే చూపించండి అన్నారు. మామూలుగా అన్న మాటను ఆయన కొంచెం ఒత్తి పలికారు.

ఫోను పెట్టేశాక నా ఒళ్లు మండిపోయింది. వంటశాలకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నలుగురం కలిసి ఆయన్ని నాలుగు తిట్టుకుంటే నా మనసు తేలికపడుతుందనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఒకామె, అయితే పైసలు రావా మేడం అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను. పెద్దమ్మ పప్పు కలుపుతూ నిలబడింది.

శుక్రవారం మెట్రో దిగి సందులోకి నడిచాను. ఏం చూపించాలి, ఏం మాట్లాడాలి అన్నది నేనింకా తేల్చుకోలేదు. తలుపు తోశాను. మొదట ఎవరో పరాయివాళ్లు వచ్చి కూర్చున్నారేమో అనుకున్నాను.

వెలిసిపోయిన చీరలు. నూనె లేని జుట్టు. ఒక్కరి చెవులకూ కమ్మలు లేవు. బంగారు పుస్తెలతాళ్లు తీసేసి పుస్తెలను పసుపుతాళ్లకు గుచ్చి కట్టుకున్నారు, పన్నెండు మందీ. గోడకు ఆనుకుని కింద కూర్చున్నారు, మోకాళ్లు దగ్గరికి తీసుకుని, తలలు వంచుకుని. ఇలా తయారవ్వమని నేనెవరికీ చెప్పలేదు. ఎలా కూర్చోవాలో ఎవరూ వాళ్లకు నేర్పలేదు. అంత పొందికగా, అంత అలవాటుగా కూర్చున్నారు. నాకు నిజంగా భయమేసింది, డబ్బు రాదేమోనన్న భయం కన్నా పెద్ద భయం.

"ఇదేంటి పెద్దమ్మా, ఇలా ఎందుకు చేశారు?" అన్నాను.

"మీరు పరేషాన్ కాకుండ్రి మేడం. గరీబోళ్ల లెక్క కూసునుడు మాకు కొత్తనా?" అంది ఆమె.

వద్దు, వెళ్లి మార్చుకు రండి అందామనుకున్నాను. ఆ పన్నెండు మొహాలూ చూసి అనలేకపోయాను. వద్దంటే నెలాఖరుకు తాళం వేసేది నా చేతులతోనే. పెద్దమ్మ లేచి నా దగ్గరికొచ్చింది. ఆమె చేతిలో ఇంకో పసుపుతాడు ఉంది, అప్పుడే పసుపు రాసినట్టుంది, ఇంకా తడి ఆరలేదు.

"సార్లు మిమ్మల్ని గూడ సూస్తరు బిడ్డా. గా బంగారు తాడు తియ్యుండ్రి."

అంతవరకు ఎప్పుడూ ఆమె నన్ను బిడ్డా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. మెడ క్షణమైనా బోసిపోకూడదని ముందు ఆ తాడు నా మెడలో కట్టింది. తర్వాత బంగారు తాడు తీయబోయాను. కొక్కెం ఊడి రాలేదు. ఆమే తీసి, పుస్తెలు విడదీసి పసుపుతాడుకు కట్టింది. గొలుసును కాగితంలో చుట్టి నా బ్యాగులో పెట్టింది. నేనూ వాళ్ల పక్కనే కింద కూర్చున్నాను. మోకాళ్లు ఎలా పెట్టుకోవాలో తెలియక పక్కామెను చూసి పెట్టుకున్నాను. ఫోను మోగింది.

ఈసారి పిల్లల ఫీజుల సంగతీ చెప్పారు, కిరాయి సంగతీ చెప్పారు. చెప్పినవన్నీ నిజాలే. కానీ చెబుతున్నంతసేపూ ఒక్కరూ తల ఎత్తలేదు. నేను ఇంగ్లీషులోకి మారుస్తూ పోయాను.

డబ్బు వచ్చింది. అడిగినంత కాదు గానీ వచ్చింది. కొత్త పొయ్యిలు పెట్టాం, క్యాంటీన్ల పని మొదలైంది. అప్పుడప్పుడూ మనుషులొచ్చి చూసి వెళతారని ఒప్పందంలో ఉంది. డబ్బు చేతికందిన రోజు అందరికీ మిఠాయి పంచి, ఇంక మీ పుస్తెలతాళ్లు మీరు వేసుకోవచ్చన్నాను. నవ్వుతారనుకున్నాను.

"ఉండనియ్యుండ్రి మేడం," అంది పెద్దమ్మ. "గాళ్లు చెప్పి ఒస్తరా ఏంది?"

ఆ సాయంత్రం ఇంటికెళ్లి బీరువా తీశాను. గొలుసు బయటికి తీసి, అద్దం ముందు మెడకు ఆనించి చూసుకున్నాను. మళ్లీ లోపల పెట్టి తాళం వేశాను.