మా ఆవిడ పిండికి నేనే అకౌంటెంటు

పన్నుల ఆఫీసులో ఒక పెద్ద అధికారి నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. "మీలాంటి పెద్దవాళ్లు ఇంత దూరం రావాలా సార్, కబురు చేస్తే మేమే వచ్చేవాళ్లం కదా" అన్నాడు. ఢిల్లీ ద్వారకలో మా సొసైటీ పార్కు బెంచీ మీద ఈ మాట నేను కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. ట్యూషన్లు చెప్పుకునే ఆవిడ గానీ, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ గానీ "అంకుల్, అకౌంటెంటుని పెట్టుకోవాలంటారా?" అని అడగడమే తరవాయి, ఈ కథ ఎత్తుకునేవాణ్ణి. "చదువొచ్చినవాడికి అకౌంటెంటెందుకమ్మా? చేతులున్నవాడికి అన్నం కలిపి పెట్టే మనిషెందుకు?" అని ముగించేవాణ్ణి.

ఇప్పుడు ఆ బెంచీ వైపు వెళ్లడం మానేశాను. ఎందుకో చెబుతాను. చెబుతుంటే మళ్లీ ఒళ్లు మండుతుంది. మండనీ.

ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ మా ఆవిడ ఇడ్లీపిండి చుట్టూ నాలుగు బ్లాకులకి ప్రసిద్ధి. ఎవరు గిన్నె పట్టుకొచ్చినా కాదనకుండా పోసేది. నేను రిటైరై ద్వారకకి మారాక, ఈ సెక్టారు మార్కెట్లో కిరాణా కొట్టు లాలా మా పక్కింట్లో ఆ పిండితో పోసిన దోసె తిన్నాడు. "ఆంటీజీ, ప్యాకెట్లు కట్టివ్వండి, నా ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం మీకే" అన్నాడు. కాకపోతే జీఎస్టీ నంబరుండాలన్నాడు. నంబరు లేని సరుకు అతను పెట్టడట.

నంబరు మా ఆవిడ పేరు మీదే తీసుకున్నాం. సర్టిఫికెట్టు ప్రింటు తీసి ఇస్తే అద్దాలు పెట్టుకుని మూడుసార్లు చదివింది. నలభై ఏళ్ల కాపురంలో రేషన్ కార్డులో, ఆసుపత్రి కార్డులో, క్వార్టరు కాగితాల్లో ఎక్కడ చూసినా ఆవిడ ఫలానావారి భార్య. ఈ ఒక్క కాగితంలో నేను లేను. దాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

అప్పుడే అడిగింది. "జనక్‌పురిలో మనవాళ్లమ్మాయి ఒకతె సీఏ చదివి ఆఫీసు పెట్టుకుందిట. నెలకింతని తీసుకుని ఈ రిటర్నులవీ చూస్తుందిట. అప్పజెప్పేద్దామండీ."

నాకు తిక్క రేగింది. "ముప్పై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వం ఫైళ్లు నడిపినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, మొన్న పుట్టిన పిల్లకి డబ్బులిస్తావా?"

"మీరు నడిపింది ఫైళ్లండీ. ఇది కంప్యూటరు."

"ఏదైనా అవతల కూర్చునేది సర్కారేగా. సర్కారు భాష నాకొచ్చు."

"సరే, మీ ఇష్టం. నా పిండి మాత్రం ఆగకూడదు."

ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నేను నడిపింది ఫైళ్లు కూడా కాదు. నా ఉద్యోగం ముక్కాలు భాగం ఉత్తరాలు తీసుకునే సెక్షన్లో గడిచింది. వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర కొట్టి, డైరీ నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఎవరి సెక్షనుకి వాళ్లకి పంపడం. "ఫైళ్లు నడిపాను" అనేది పార్కు బెంచీ భాష. కానీ ఆ సీట్లో నేను నేర్చుకున్న సత్యం ఒకటుంది. డైరీ నంబరు పడని కాగితం పుట్టనట్టే. పడితే, ఇక దాని బరువు అవతలివాడిది.

మొదటి కొన్ని నెలలు బాగానే వేశాను రిటర్నులు. నాలుగు బటన్లు నొక్కడమే. నొక్కిన ప్రతిసారీ వంటింటి గుమ్మంలోకి వెళ్లి "అయిపోయింది, దీనికా ఆ పిల్లకి ఫీజు?" అని ఆవిడకి వినిపించేవాణ్ణి.

చలికాలం వచ్చింది. ఢిల్లీ చలిలో పిండి పులవదు. రజాయి కప్పినా, హీటరు పక్కన పెట్టినా, పొద్దున మూత తీస్తే రాత్రి ఎలా ఉందో అలాగే మనకేసి చూస్తుంది. "పులవని పిండి అమ్మి పేరు పోగొట్టుకోను. హోలీ దాకా ఆపేస్తానని లాలాకి చెప్పాను" అంది మా ఆవిడ.

అమ్మకం లేనప్పుడు రిటర్నేమిటి? ఆఫీసు పద్ధతి ప్రకారం విషయం తెలియజేస్తే చాలు. కూర్చుని ఇంగ్లీషులో ఒక లేఖ తయారు చేశాను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: విషయము, శీతాకాలమున పిండి పులియనందున వ్యాపారము తాత్కాలికముగా నిలుపుదల చేయుట గురించి. మూడు పేరాలు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు తెలియజేయగలవారము అని ముక్తాయింపు. కింద మా ఆవిడ సంతకం. అలాంటి లేఖ ఆ ఆఫీసు పుట్టాక చూసి ఉండదు. మా ఆవిణ్ణి కూడా ఆటోలో ఎక్కించుకుని వెళ్లి, లేఖ ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, నంబరు వేయించుకొచ్చాను. దానికి రంధ్రాలు పొడిచి ట్యాగు కట్టి ఫైల్లో పెట్టాను. కడుపు నిండిపోయింది.

ఇక జవాబు వచ్చేదాకా మనం కదలకూడదు. కాగితం పరిశీలనలో ఉండగా మనం ఇంకోటి కదిపితే కేసు బలహీనమవుతుంది. ఆఫీసుల్లో బతికినవాళ్లందరికీ తెలిసిన ధర్మమిది.

హోలీ వెళ్లింది. పిండి మళ్లీ పొంగింది. ప్యాకెట్లు మళ్లీ లాలా ఫ్రిజ్‌కెక్కాయి. నేను మాత్రం రిటర్ను వెయ్యలేదు. నా లేఖకి జవాబేదీ? ఒకసారి కంప్యూటరు తెరిచి చూస్తే, ముందు పాత నెలలవి వెయ్యి, అవి వెయ్యనిదే కొత్త నెల తెరుచుకోదు అంది. జవాబివ్వకుండా ఎదురు ప్రశ్నా! మూసేశాను. ఫోనుకి ఏవో మెసేజీలొచ్చేవి, నోటీసు, గడువు, లింకు అని. తెలియని లింకు నొక్కితే బ్యాంకు ఖాళీ అని మా సొసైటీ గ్రూపులో రోజూ హెచ్చరిస్తారు. వచ్చినవన్నీ వచ్చినట్టే చెరిపేశాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం మా ఆవిడ నలభై ప్యాకెట్లు ఐసు డబ్బాలో సర్దుకుని ఈ-రిక్షాలో మార్కెట్టుకి వెళ్లింది. అరగంటకి అదే డబ్బాతో తిరిగొచ్చింది.

"తీసుకోలేదండీ."

"ఏం? ఫ్రిజ్ పాడైందా?"

"నా నంబరు రద్దయిపోయిందిట. కంప్యూటర్లో చూపించాడు. 'ఆంటీజీ, ఆప్‌కా తో బంద్ హో గయా' అన్నాడు, కొట్లో అందరి ముందూ."

"బందేమిటి! కాగితం ఇచ్చాం కదా!"

"ఇచ్చాం," అంది.

మా ఫ్రిజ్‌లో పట్టినన్ని పెట్టింది. మిగిలినవి ఎండకి బూరెల్లా ఉబ్బుతుంటే ఒక్కొక్కటీ కత్తిరించి బకెట్లో పోసింది. ఇల్లంతా పులుపు వాసన. ఆ తరవాత చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తలుపు మీది సర్టిఫికెట్టు ఊడదీసి, సొరుగులో బోర్లా పెట్టింది.

ఆ బోర్లా పెట్టడం చూశాక నాకొచ్చిన కోపం ఇవాళ్టికీ దిగలేదు. మా కాలంలో గుమాస్తా ఎంత దుర్మార్గుడైనా వాడికో మొహం ఉండేది. మనం అరిస్తే వాడూ అరిచేవాడు. గొంతులు ఎండాక ఇద్దరికీ చాయ్ వచ్చేది, పనీ అయ్యేది. ఇప్పుడు ఎవరి మీద అరవాలి? తెర మీద గుండ్రంగా తిరిగే చక్రం మీదా? మినప్పప్పు, బియ్యం నానబోసి రుబ్బుకునే మనిషి, ఈ నెల నేనేమీ అమ్మలేదు మహాప్రభో అని నెలనెలా చెప్పుకోవాలట! ఆ ముక్క చెప్పడానికి ఇంకో మనిషికి ఫీజు కట్టాలట! అంతెత్తు గడప కట్టినవాడొకడు, దాన్ని దాటించడానికి కూలి పుచ్చుకునేవాడొకడు. ఇద్దరూ కలిసి తినరని నమ్మకమేమిటి? ఇలా రెండు రోజులు ఇంట్లో గోడలకి ఉపన్యాసమిచ్చాను. మూడోరోజు మా ఆవిడ చీర మార్చుకుని, పర్సు తీసుకుని, "జనక్‌పురి వెళ్తున్నా. వస్తే రండి" అంది.

మెట్రోలో నా పక్కన కూర్చోలేదు. ఆడవాళ్ల పెట్టెలో ఎక్కింది.

సీఏ అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. మనం తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబిస్తుంది. నంబరు కొట్టి చూసి నాలుక కరుచుకుంది.

"అంకుల్, నోటీసులు వచ్చాయి. మెయిల్లో ఉన్నాయి. దేఖా నహీ, చూడలేదా?"

"నోటీసంటే కాగితం మీద రావాలమ్మా. సంతకముండాలి, సీలుండాలి."

"అచ్ఛా. మరి మీరేం చేశారు?"

నా ఫైలు తెరిచి రెండో ప్రతి ఆమె ముందు పెట్టాను. చదివింది. పిండి పులియనందున అన్నచోట పెదాలు బిగబట్టుకుంది. ముద్ర కేసి కాసేపు చూసింది. తరవాత మా ఆవిడ కేసి చూసింది. "ఠీక్ హై అంకుల్" అని కాగితం మళ్లీ ఫైల్లో పెట్టి నాకే ఇచ్చేసింది.

"సేల్ లేకపోతే లేదని చెప్పాలి అంకుల్, హర్ మహీనా. ఫోన్ నుంచి ఒక్క ఎస్సెమ్మెస్ పంపినా అయిపోయేది."

నా వీపు మీద ఎవరో చరిచినట్టయింది. అయినా ఊరుకుంటానా? "ఒక్క ఎస్సెమ్మెస్‌కి నీకు నెలనెలా ఫీజెందుకు మరి?"

"ఎస్సెమ్మెస్‌కి కాదు. యాద్ రఖ్‌నే కా" అంది. గుర్తుపెట్టుకున్నందుకట.

మూడ్రోజుల తరవాత మా ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను. నా మీద.

రద్దు ఎత్తెయ్యమని దరఖాస్తు పెట్టాలంది ఆ అమ్మాయి. అందులో రిటర్నులు ఎందుకు వెయ్యలేదో కారణం రాయాలి. నేను గొంతు సవరించుకుని, "మా పూర్వలేఖ తమ పరిశీలనలో ఉన్నందున..." అని మొదలుపెట్టాను.

"మా ఆయనకి తెలియక అని రాయమ్మా," అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి అదే రాసింది. నేను ఎదురుగా ఉన్న క్యాలెండరు కేసి చూస్తూ కూర్చున్నాను.

పాత నెలలన్నీ వేసి, జరిమానాలు కట్టి, కొన్ని వారాలు తిరిగాక నంబరు బతికింది. లాలా ఫ్రిజ్‌లో అర మాత్రం సగమే మిగిలింది. తక్కిన సగంలో ఏదో ఫ్యాక్టరీ పిండి చేరింది. ఇక అది కదలదు. సర్టిఫికెట్టు మళ్లీ మా ఫ్రిజ్ తలుపు మీదకొచ్చింది. దాని పక్కనే సీఏ అమ్మాయి ఫోన్ నంబరు. ఫీజు మా ఆవిడే ఇస్తుంది, ఎంతో నాకు చెప్పదు.

కాబట్టి, పార్కులో నన్నడిగిన ఆడపిల్లలారా, పెట్టుకోండి అకౌంటెంటుని. ఈ మాట రాస్తుంటే నా పళ్లు నూరుకుపోతున్నాయి, అయినా పెట్టుకోండి. కూడికలు రావని కాదు. మన ఉత్తరాలు చదివేవాడు అవతల లేడని తెలిసిన మనిషి మనవైపు ఒకరుండాలి. ముఖ్యంగా మీ ఇంట్లో రిటైరైన గవర్నమెంటు ఉద్యోగి ఉంటే, ఆయన రిటర్నుల జోలికి రాకముందే పెట్టుకోండి.

ఇక మొదట చెప్పిన అధికారి సంగతి. కొంచెం సాగదీశాను. ఆయన లేచి నిలబడింది నిజమే గానీ నన్ను చూసి కాదు, భోజనానికి వెళ్తూ. కాగితం ఒంటిచేత్తోనే తీసుకున్నాడు, రెండో చేతిలో టిఫిను డబ్బా ఉంది. కబురు చేస్తే మేమే వచ్చేవాళ్లమనలేదు. "ఇక్కడికెందుకొచ్చారు?" అన్నాడు. అబద్ధం అంతవరకే. నా లేఖ ఆయన చేతిలో పెట్టాను, డైరీ నంబరు వేయించాను, అయినా జవాబివ్వలేదు. నా కోపమల్లా ఆ జవాబివ్వకపోవడం మీదే.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. బల్ల మీద ప్యాకెట్లకి మూతులు అంటిస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఏ అధికారండీ?" అంది. "మీరు లోపలికే వెళ్లలేదుగా. నేను ఆటోలోంచి చూస్తూనే ఉన్నాను. గేటు దగ్గర కాపలావాడు తీసుకుని బల్ల కింద బుట్టలో పడేశాడు. ముద్ర కావాలని మీరు పట్టుబడితే గేటు ముద్ర కొట్టాడు. ఆ నంబరు వచ్చేపోయేవాళ్ల రిజిస్టరులో మీ వరస నంబరు. మీ ముందు నంబరు మంచినీళ్ల డబ్బాలు తెచ్చినవాడిది. ఆ సీఏ పిల్లకి కూడా ముద్ర చూడగానే తెలిసిపోయింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ముప్పై నాలుగేళ్లు ముద్రలు కొట్టినాయన, ఏ ముద్ర ఏమిటో మీకు తెలియదని నేనెలా అనుకుంటాను?"