చదివి వినిపించమన్న అక్క

పక్కింటక్క పోయిందన్న కబురు నల్లంపల్లిలో ప్రవచనం మధ్యలో అందింది. మైకు ముందు గంటల తరబడి గర్జించేవాడిని, ఆ పూట పురాణం మూసి దిగి వచ్చేశాను.

రెండుసార్లు మా వార్డు మెంబరుగా ఉన్న మనిషి ఆవిడ. చదివింది ఐదో తరగతి. గ్రామసభకు అందరికన్నా ముందే వెళ్లి, కుర్చీ వద్దని, సెక్రటరీ బల్ల పక్కనే నిలబడేది. అక్కడైతే వాళ్లు రాసేది కనిపిస్తుందట. "సభకు వినేదానికి పోకూడదు సామీ, అడిగేదానికి పోవల్ల" అనేది.

మా సభలో ఒక అలవాటుంది. రాగానే నోటుపుస్తకంలో సంతకం, చేతికి టీ. ఆ సంతకాల పైన వదిలిన ఖాళీలో తీర్మానాలు తర్వాత రాసుకుంటారు. ఒక ఏడాది నేనూ అలాగే సంతకం పెట్టి, కడత్తూరులో ప్రవచనముందని బస్సెక్కాను. మా మేలు వీధికి రావలసిన కొళాయి పైపు రోడ్డు వీధికి పోయింది. అడగబోతే తీర్మానం కింద నా సంతకమే చూపించారు. అక్క ఒక్కతే పెట్టలేదు.

"వచ్చినాననే గుర్తుకు పెట్టినానక్కా" అన్నాను.

"పురాణంలో మాటమాటకీ అర్థం అడగమని ఊరూరా అరుస్తావే. ఈ పుస్తకంలో మాటే లేదు. దానికెట్ల తల ఊపినావు?"



ఆ ఎండాకాలమంతా మా వీధి ఆడవాళ్లు నా పాపాన్ని బిందెలతో మోశారు. తర్వాతి సభలో అక్క, "చదివి వినిపిస్తేనే సంతకం" అని పట్టుబట్టింది.

"ఇంట్లో పొయ్యి ముట్టించే పని లేదా అక్కా?" అని ఎవరో నవ్వారు.

"ముట్టిస్తా. నీళ్లు నువ్వు తెస్తావా?"

ఆవిడ పక్కన ఒక్కరూ నిలబడలేదు. నేనూ లేవలేదు, సిగ్గుతో తల దించుకున్నాను. సిగ్గు కూడా పిరికివాడి సాకేనని ఇప్పుడు ఊరూరా చెబుతున్నాను, అప్పుడు తెలియలేదు. మధ్యాహ్నానికి సెక్రటరీ దిగి వచ్చి చదివాడు. అందులో మా వీధి పేరు రాయించాకే అక్క సంతకం పెట్టింది. మాకు కొళాయి వచ్చింది.

ఆవిడ పోయాక జరిగిన సభలో పుస్తకం నా ముందుకు తోశారు. చదవమన్నాను.

"ఏం సామీ, ఈ పొద్దు ప్రవచనం లేదా?" అన్నాడు సెక్రటరీ. అందరూ నవ్వి, సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. నేను కదల్లేదు. చివరికి ఖాళీ కుర్చీల మధ్య ఆయన చదివాడు, నేనొక్కడినే విన్నాను. మేము అడిగిన వీధి కాలువ అందులో లేదు. రాయించి, అప్పుడు సంతకం పెట్టాను.

ఆ మాట చెప్పుకుందామని, ఆవిడ లేదన్నది మరిచి, అలవాటుగా వస్తే అక్క వాకిలికి తాళం. వీధి కొళాయి కింద ఎవరిదో బిందె నిండి పొర్లుతోంది. చుట్టూ మనిషి లేడు. వెళ్లి కొళాయి కట్టేశాను. నిండిన బిందెలో నీళ్లు కాసేపు ఊగి, నిలిచిపోయాయి.