బొరియలోంచి రాని ఫెర్రెట్

తొంభైల మొదట్లో, నేను వెటర్నరీ సైన్స్ నాలుగో ఏడాదిలో ఉండగా, సెప్టెంబరు సెలవుల్లో మూడు వారాల ప్లేస్‌మెంట్ మీద న్యూ సౌత్ వేల్స్‌లోని కౌరా దాటి ఒక గొర్రెల ఫారానికి వెళ్ళాను. ఆ రోజుల్లో ప్రతి విద్యార్థీ డిగ్రీ చేతికి వచ్చేలోగా కొన్ని వారాలు ఫారాల్లో పనిచేసి, అక్కడివాళ్ళ సంతకాలతో లాగ్‌బుక్ సమర్పించాలి. నాకు గొర్రెల పని ఒక్కటే మిగిలింది. తీరా వెళ్ళాక ఆ ఫారం యజమాని, గొర్రెల దగ్గర పెద్దగా పని లేదని, కుందేళ్ళు పట్టే మనిషికి సాయంగా ఉండమని చెప్పాడు.

ఆ మనిషి పేరు లెస్. అరవై దాటాయి. ఫారం చివర రేకుల షెడ్డు పక్కన ఆరు ఫెర్రెట్లను పెట్టుకుని ఉండేవాడు. ఫెర్రెట్ చూడ్డానికి మన ముంగిసకు దూరపు చుట్టంలా ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, ఎముకలే లేవన్నట్టు వంగుతుంది. కుందేలు బొరియలోకి వదిలితే లోపలి కుందేళ్ళు ప్రాణభయంతో బయటికి దూకుతాయి. బొరియ నోటికి ముందే పరిచిన వలలో పడతాయి. పద్ధతి వినడానికి ఇంతే. చేయడానికి లెస్‌కు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది.

మొదటిరోజు ఆయన్ని లెస్ అంకుల్ అన్నాను. సిడ్నీ శివారు టూంగాబీలో మా ఇంటికి వచ్చే పెద్దవాళ్ళందరినీ అలాగే పిలిచి అలవాటు. "నాకు అన్నదమ్ములు లేరు, లెస్ చాలు" అన్నాడు, నవ్వకుండా.

ఆ ఆదివారం ఫారం ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడాను. మా అమ్మది రేపల్లె. వృద్ధుల హోమ్‌లో నర్సింగ్ ఎయిడ్‌గా చేసేది.

"గొర్రెలన్నావు గదే, మళ్ళీ ఈ ముంగిసలేంటి?" అంది.

"ముంగిసలు కాదమ్మా, ఫెర్రెట్స్. వాటితో ర్యాబిట్స్ పడతారు. ఇక్కడ ర్యాబిట్స్ పెద్ద పెస్ట్, ల్యాండంతా డ్యామేజ్ చేసేస్తాయి."

"దీనిక్కూడా యూని వాళ్ళు మార్కులేస్తారా?"

వేస్తారని చెప్పాను. అప్పటికి నాకే నమ్మకం లేదు.

ఫెర్రెట్లను పెంచడం ఎలాగో మొదటి వారమంతా నేర్చుకున్నాను. గూళ్ళు నేలకు రెండడుగుల ఎత్తులో, నీడపట్టున ఉండాలి. అవి చలికి ఓర్చుకుంటాయి, ఎండకు చస్తాయి. ఒకే మూలలో మలవిసర్జన చేస్తాయి కాబట్టి ఆ మూలను రోజూ గీకి కడగాలి. మేత కుందేలు మాంసమే, బొచ్చుతో సహా. పనికి తీసుకెళ్ళే రోజు పొద్దున సగం మేతే పెట్టాలి. కడుపు నిండినది బొరియలో పడుకుంటుంది, కడుపు కాలినది కుందేల్ని లోపలే చంపి అక్కడే తింటుంది. చెయ్యి పైనుంచి దించితే కరుస్తాయి. పిడికిలి ముందుపెట్టి వాసన చూడనిచ్చి, భుజాల కింద పట్టి ఎత్తాలి. మనుషుల ఫ్లూ వాటికి అంటుకుంటుందని లెస్‌కు పుస్తకాలు చదవకుండానే తెలుసు. జలుబు చేసిన మనిషి, యజమానైనా సరే, గూళ్ళ దరిదాపులకు రావడానికి వీల్లేదు.

ఆడ ఫెర్రెట్‌ను జిల్ అంటారు, మగదాన్ని హాబ్ అంటారు. లెస్ దగ్గరున్న వాటిలో పేరుపడ్డ పనిమంతురాలు డాట్ అనే జిల్. నాలుగేళ్ళది, లేత గోధుమ రంగు, ముక్కు మీద నల్ల చుక్క. ఎంత పెద్ద బొరియల గుంపులోకి వదిలినా వెతకాల్సిన ఏ మూలా వదలదని ఆయనే చెప్పాడు. పొగడ్త ఆయన నోటి నుంచి అంతకు మించి రాదు.

మూడోరోజు డాట్ గూడు కడుగుతూ ఉంటే దాని జననాంగం బాగా ఉబ్బి ఉండటం, తోక మొదట్లో బొచ్చు పలచబడటం కనిపించాయి. లెస్‌ను అడిగాను. ఎదకు వచ్చిందని, ప్రతి వసంతంలోనూ అంతేనని అన్నాడు. అక్కడ వసంతం ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది. ఎప్పటి నుంచి అని అడిగితే ఆగస్టు మొదటి నుంచి అన్నాడు. ప్రతి ఏడూ హాబ్‌తో కలిపేవాడట. ఈ ఏడు ఫారంలోని చెరువుకట్ట మీద కుందేళ్ళు పట్టే పని ఉంది కాబట్టి దానికి పిల్లలు వద్దనుకున్నాడు.

మా క్లాసులో ఫెర్రెట్లకు దక్కినది అరగంట. ఆ అరగంటలో ఒక ముక్క నాకు గుర్తుంది. జిల్ తనంతట తాను అండం విడుదల చేయదు, హాబ్‌తో కలిస్తేనే చేస్తుంది. కలవకపోతే ఎద నెలల తరబడి అలాగే నిలిచిపోతుంది. ఎదలో ఒంట్లో ఊరే హార్మోను అన్నాళ్ళూ తగ్గక ఎముకల్లోని మజ్జను దెబ్బతీస్తుంది. కొత్త రక్తం తయారవడం ఆగిపోతుంది. నేను లెక్క వేశాను, ఏడు వారాలు దాటింది. లాగ్‌బుక్‌లో రాసుకున్నాను. లెస్‌కు చెప్పలేదు. అరగంట పాఠంతో ముప్పై ఏళ్ళ అనుభవం ముందు నోరు విప్పడానికి మొహమాటపడ్డాను. తొమ్మిదోరోజు డాట్ మేత సగం వదిలేసింది. అదీ రాసుకున్నాను. అదీ చెప్పలేదు.

కట్ట పని పదకొండోరోజు మొదలైంది. ఫారంలో గొర్రెలకు నీళ్ళిచ్చే చెరువు ఒకటుంది. అక్కడి వాళ్ళు డ్యామ్ అంటారు. దాని మట్టికట్టను కుందేళ్ళు తొలిచేశాయి. ఆ వసంతంలో వానలు బాగా పడి నీళ్ళు నిండుగా ఉన్నాయి. కట్ట తెగితే ఎండాకాలానికి మందకు చుక్క మిగలదు. ట్రాక్టర్‌తో బొరియలు పెకలిస్తే కట్టే పోతుంది. కుక్కలు తిరిగే చోటు కాబట్టి విషం పెట్టకూడదు. ఫెర్రెట్లే దిక్కు. కట్ట మీద పార మాత్రం పెట్టొద్దని యజమాని లెస్‌కు గట్టిగా చెప్పాడు.

గాలికి ఎదురుగా, అడుగుల చప్పుడు రాకుండా వెళ్ళాం. ముప్పై ఎనిమిది బొరియ నోళ్ళు. ఒక్కోదాని మీద పర్స్ వల పరిచి, దాని తాడు కొయ్యకు కట్టి, కొయ్య నేలలో దిగ్గొట్టాం. కుందేలు దూకగానే వల సంచిలా మూసుకుంటుంది. డాట్ మెడకు చిన్న ట్రాన్స్‌మిటర్ ఉన్న పట్టీ కట్టి లెస్ లోపలికి వదిలాడు. నిమిషం పాటు ఏమీ లేదు. తర్వాత కాళ్ళ కింద నేల దడదడలాడింది. ఒక వల ఎగిరింది, వెంటనే ఇంకోటి. వలలో పడిన దాన్ని క్షణంలో మెడ విరిచి బాధ లేకుండా చంపడం, వల మళ్ళీ పరచడం నా పని. మొదటి ముప్పావుగంటలో పదిహేడు వచ్చాయి. ఒక్కటి కూడా తప్పించుకోలేదు.

తర్వాత అంతా ఆగిపోయింది. డాట్ బయటికి రాలేదు.

లెస్ కంగారు పడలేదు. వసంతంలో బొరియల్లో కుందేలు పిల్లలుంటాయి, ఫెర్రెట్ వాటిని తిని అక్కడే నిద్రపోతుంది, ఇది మామూలే అన్నాడు. ఫ్లాస్క్ తీసి టీ పోసుకున్నాడు. గంట గడిచింది. ట్రాన్స్‌మిటర్ శబ్దాన్ని పట్టే పెట్టెను కట్ట మీద జరుపుతూ పోతే, కట్టకు నీళ్ళు లేని వైపు వాలులో ఒకచోట టిక్‌టిక్‌మని మోగింది. లోతు రెండున్నర అడుగులు. అరగంట తర్వాత మళ్ళీ పెట్టాం. అంగుళం కూడా కదల్లేదు.

"లెస్, అది నిద్రపోవడం లేదనుకుంటాను" అన్నాను.

"మరి ఏం చేస్తున్నట్టు?"

జేబులోంచి లాగ్‌బుక్ తీసి, మూడోరోజు రాసినదీ తొమ్మిదోరోజు రాసినదీ చదివి వినిపించాను. ఎద నిలిచిపోతే రక్తం ఏమవుతుందో చెప్పాను. ఆయన కప్పులో మిగిలిన టీ నేల మీద పారబోసి లేచాడు. బండిలోంచి చిన్న పార తెచ్చాడు.

"కట్ట మీద తవ్వొద్దన్నారు గదా" అన్నాను.

"అన్నారు" అని పార దించాడు.

పొడివైపు, నీటిమట్టానికి పైన, రెండు జానల వెడల్పున తిన్నగా దించుకుంటూ పోయాడు. అడుగున మట్టి ఊడి బొరియ కనిపించేసరికి ఆయన చెయ్యి పట్టలేదు. నా చెయ్యి సన్నం. బోర్లా పడుకుని భుజం దాకా దూర్చాను. వేళ్ళకు బొచ్చు తగిలింది. చల్లగా ఉంది. పైకి తీసేసరికి డాట్ తడిసిన గుడ్డలా నా చేతిలో వేలాడింది. అక్కడ కుందేలు పిల్లలూ లేవు, గూడూ లేదు. దాని చిగుళ్ళు మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. పొట్ట చర్మం మీద చీమలు కుట్టినట్టు సన్నటి ఎర్ర చుక్కలు. ఊపిరి మాత్రం ఉంది.

దగ్గరి వెట్ క్లినిక్ నలభై కిలోమీటర్లు. డాట్‌ను నా స్వెటర్‌లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనకాల పెట్టెలో, డాట్ తర్వాత పనికి దించడానికి తెచ్చిన మేజర్ అనే పెద్ద హాబ్ ఉంది.

ఆ క్లినిక్ నడిపే డాక్టర్ మార్గరెట్‌కు ఆవులు, గొర్రెల్లో పాతికేళ్ళ అనుభవం. చుక్క రక్తం సన్నటి గాజు గొట్టంలో తీసి యంత్రంలో తిప్పింది. రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో దాంతో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్‌కు వందకు యాభై దాకా ఉంటుంది. డాట్‌కు పదహారు. ఇక్కడి దాకా వచ్చాక నొప్పి లేకుండా పంపించడమే మేలని ఆమె మెల్లగా చెప్పింది. లెస్ టోపీ చేత్తో పట్టుకుని తల ఊపాడు.

"డాక్టర్, బయట బండిలో రెండు కిలోల హాబ్ ఉంది" అన్నాను. "దాని రక్తం ఎక్కించొచ్చు."

ఆమె నా వైపు తిరిగింది. పరీక్ష హాల్లో ఎగ్జామినర్ అడిగినట్టు మూడు ప్రశ్నలు వేసింది. హాబ్ నుంచి ఎంత తీస్తావు? పది మిల్లీలీటర్లు, అంతకు మించి వద్దు. గడ్డకట్టకుండా ఏం కలుపుతావు? కుక్కల రక్తం సంచుల్లో ఉండే సిట్రేట్. రక్తం పడకపోతే? వెంటనే ఆపేసి అడ్రినలిన్. ఆమె చేతులు కడుక్కుని గ్లోవ్స్ నాకిచ్చింది.

"అయితే నువ్వే తియ్యి. మత్తు నేను చూసుకుంటాను."

అప్పటికి నేను కుక్కల్లో తప్ప మెడ సిర దొరకబుచ్చుకున్నదాన్ని కాదు. హాబ్ మెడ చర్మం పాత చెప్పు తోలులా మందం. మొదటి పోటుకు ఏమీ రాలేదు. సూది తీసి, వేలితో మళ్ళీ వెతికి, రెండోసారి పొడిచాను. సిరంజిలోకి ఎర్రగా వచ్చింది. పది మిల్లీలీటర్లు తీయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. డాట్‌కు ఎక్కించడానికి నలభై నిమిషాలు. సిరంజి పిస్టన్‌ను గోటి మందం చొప్పున నొక్కుతూ, ప్రతిసారీ గుండె వింటూ ఎక్కించాను. ముప్పయ్యో నిమిషంలో దాని ముక్కు కొనకు రంగు వచ్చింది. మార్గరెట్ కూడా చూసింది. కుర్చీ తెచ్చి నా వెనక వేసింది.

ఎద ఆపడానికి కావలసిన హార్మోను ఇంజెక్షన్ ఆమె అలమరలోనే దొరికింది, ఆవుల కోసం పెట్టుకున్నది. ఒంటి బరువును బట్టి డోసు తగ్గించి ఇచ్చాం. నాలుగు రోజుల తర్వాత ఇంకో హాబ్ రక్తం ఎక్కించాం. అదీ నేనే చేశాను. నా ప్లేస్‌మెంట్ ముగిసేనాటికి డాట్ రక్తం ఇరవై ఎనిమిదికి వచ్చింది, గుడ్డుసొన నా చేతిలోంచి నాకేది. నెల తర్వాత మార్గరెట్ దానికి మళ్ళీ ఎద రాకుండా అండాశయాలు, గర్భసంచి తీసేసింది. మరుసటి చలికాలం అది మళ్ళీ బొరియల్లోకి దిగిందని లెస్ ఉత్తరం రాశాడు. నాలుగు వాక్యాలు, అందులో మూడు వాతావరణం గురించి.

కట్ట నిలిచింది. తవ్విన చోటును లెస్ బంకమట్టితో పొరపొరగా నింపి దిమ్మిస కొట్టాడు. మిగిలిన కుందేళ్ళను ఇంకో రెండు జిల్‌లతో వారంలో ఖాళీ చేశాం. బొరియలన్నీ మూసేశాం. యజమాని వచ్చి, పార ఎందుకు పెట్టావని అడిగాడు. లెస్ నా వైపు చూపించి, "డాక్టరు పెట్టమంది" అన్నాడు. డిగ్రీ రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. నన్ను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ తర్వాత ఎందరు పిలిచినా ఆ పూట కలిగినంత గర్వం కలగలేదు.

వెళ్ళేరోజు బస్టాపు దగ్గర బండి ఆపి లెస్ ఒక్కటే అడిగాడు. "మూడోరోజే తెలుసు గదా. ఎందుకు గట్టిగా చెప్పలేదు?"

ఆయన తిట్టడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను చెప్పి ఉంటే ఆ పూటే ఇంజెక్షన్ వేయించేవాడు. జలుబు చేసిన యజమానినే గూటి దగ్గరికి రానివ్వనంత జాగ్రత్త ఉన్న మనిషి నా మాట మాత్రం వినడని నాకు నేనే ఊహించుకున్నాను.

తర్వాత ముప్పై ఏళ్ళు సిడ్నీ పడమటి శివార్లలో ప్రాక్టీసు చేశాను. కిందటేడు రిటైరయ్యాను. సొంత క్లినిక్ పెట్టాక ప్లేస్‌మెంట్ మీద విద్యార్థులు వచ్చేవారు. ప్రతి ఒక్కరికీ మొదటి ఉదయమే ఒక నియమం చెప్పేదాన్ని. జంతువులో తేడా కనిపిస్తే పుస్తకంలో రాసి ఊరుకోవద్దు, ఆ పూటే చెప్పాలి. నేను కొట్టిపారేస్తే రెండోసారి చెప్పాలి. రాసుకున్నది మన రికార్డు. చెప్పినదే వైద్యం.