పేరు లేని చుక్క

పోయినవాటిని ముందు చెబుతాను. తొమ్మిది అధ్యాయాలు, ఒక టైపు మిషను, చేత్తో గీసిన ఒక పటం, మేడ మీద కిటికీ అద్దాలు నాలుగు, నా కింది పళ్ళు రెండు, మా బావ ఎడమ కన్ను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్ళకు, తిరుత్తణి ఆంధ్రలో ఉంటుందో మద్రాసులో కలుస్తుందో ఇంకా తేలని రోజులవి. నేను అక్కడ ఒక వడ్ల మండీలో లెక్కలు చూసేవాణ్ణి. బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే, మిగతా లెక్క మూటల దగ్గర నేర్చుకున్నాను. మండీ మేడ మీది గదిలోకి ఒక జర్మనీ ఆవిడ అద్దెకు దిగింది. వాళ్ళ అక్క తిరువళ్ళూరు దగ్గర ఆసుపత్రిలో నర్సు. అక్కను చూడడానికి వచ్చి, కొండలు కనబడే గది కావాలని ఇక్కడ చేరింది. పిల్లల కోసం కథలు రాస్తుంది. వాళ్ళ దేశంలో రెండు పుస్తకాలు అచ్చయ్యాయట. మూడోది యుద్ధంలో బాంబులు పడ్డ రోజు ఇంటితో పాటు కాలిపోయింది. "పుస్తకం ఒకటి, తమ్ముడు ఒకడు" అని నాతో చెప్పింది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇక్కడ మొదలుపెట్టిన కథలో ఒక మృగం ఊళ్ళ పేర్లు తింటుంది. పేరు పోయిన ఊళ్ళో జనానికి తామెవరో గుర్తుండదు. అన్నదమ్ములే ఒకరి గొంతు ఒకరు కొరుక్కుంటారు. ఒక ఆడపిల్ల ఆ మృగం పొట్ట చీల్చి, పేర్లను నెత్తుటితో సహా బయటికి లాగుతుంది. పిల్లల కథలో ఇంత నెత్తురేమిటని అడిగాను.

"పిల్లలు చూడనిదా?" అంది.

పేర్లు ఇచ్చింది నేనే. మా మండీకి వడ్లు వచ్చే ఊళ్ళు, ఆరణి, వెంగల్ మొదలుకొని ఇరవై మూడు. పటంలో ఊరికొక చుక్క. మృగం ఏ వరుసలో తింటుందో తెలియడానికి నేను పక్కన అంకెలు వేశాను. తినేసిన ఊరి చుట్టూ ఆమె ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, మండీకి బండి తోలేవాడు. మూటలు దించాక మేడ మెట్ల మీద కూర్చుని, ఆ రోజు రాసింది ఆమె చేత చెప్పించుకునేవాడు. ఆమెకు తెలుగు మా మూటల దగ్గరే వచ్చింది. మండీలో మేము లెక్క మొదలుపెడుతూ ఒకటి అనం. మొదటి మూట లాభం, తర్వాత రెండు, మూడు. ఆమె కథలో పిల్ల కూడా పేర్లను అలాగే లెక్కపెట్టేది.

"ఏమ్మా దొరసానీ, మా ఊరి పేరు ఇంకా దాని కడుపులోనే ఉండాదా?" అని అడిగాడు బావ ఒకరోజు.

"నీ ఊరు చివర. ఇరవై మూడు."

"అంతదాకా పెట్టినావంటే అరిగిపోతాదే! మా ఊరోళ్ళు అసలే బక్కోళ్ళు."

ఆమె నవ్వింది. "అరగనివ్వను. నువ్వు ఎదురుగా కూర్చో, అప్పుడే రాస్తాను."

బావకు ఆ మాట పట్టా చేతికిచ్చినట్టయింది. బండి ఆగిన ప్రతి ఊళ్ళోనూ చెప్పుకున్నాడు, దొరసాని దగ్గర పటం ఉందనీ, ఊళ్ళకు అంకెలు వేశారనీ, తన ఊరికి మాట ఇచ్చిందనీ. సరిహద్దు గీసేవాళ్ళు ఎప్పుడొస్తారా అని జనం కాచుకుని ఉన్న కాలమది. విన్నవాళ్ళు వేరే అర్థం తీసుకున్నారు.

ఒక మధ్యాహ్నం నలభై మంది దాకా మండీ మీదికి వచ్చారు. చాలామంది ముఖాలు నాకు తెలుసు. వాళ్ళ వడ్లు నేను కొలిపించినవే.

"యాడరా ఆ పటము?"

"అది కథన్నా. పిల్లల కథ."

"కతకి అంకెలెందుకురా? ఎర్ర సున్నాలెందుకు? మా ఊరిని అవతలికి తోసేదానికి ఎంత తిన్నావు?"

జవాబు చెప్పేలోపు తూకం రాయి పట్టిన చెయ్యి నా దవడ మీద పడింది. రెండు పళ్ళు నాలుక మీదికి వచ్చాయి. నన్ను తొక్కుకుంటూ పైకి పోయారు. అద్దాలు పగిలాయి. టైపు మిషను కిటికీలోంచి వీధిలో పడి ముక్కలైంది. కాగితాలకు మెట్ల మీదే నిప్పు పెట్టారు. ఆమె పటాన్ని రొమ్ముకు అదుముకుని గోడకు ఆనుకుంటే, ఒకడు జుట్టు పట్టి ఈడ్చాడు. అప్పుడే బండి ఆపిన బావ మంటలు దాటి ఎక్కి వాణ్ణి మెట్ల మీంచి దొర్లించాడు.

"విడవండ్రా! మా ఊరు ఉండాది దాంట్లో!"

వాళ్ళ అనుమానానికి ఆ అరుపే సాక్ష్యమైంది. "వీని ఊరికి మాత్రం లంచం ఇచ్చుకున్నాడు సూడు!" అన్నారెవరో. మూటలు లాగే ఇనుప కొక్కెం గాలిలోకి లేచింది. బావ ఎడమ కంటిని చేత్తో అదుముకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి కారింది నెత్తురొక్కటే కాదు. కొక్కెం పట్టినవాడే అందరికంటే ముందు దాన్ని కింద పడేశాడు. "అన్నా, కావాలని గాదన్నా" అంటూ పరిగెత్తాడు. ఆమె చేతుల్లోంచి లాగి పడేసిన పటం అప్పటికే మంటలో ముడుచుకుపోతోంది.

బావను మద్రాసు ఆసుపత్రిలో చేర్చాను. ఓడ ఎక్కే ముందు ఆమె వచ్చింది. బావ జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు.

"మా బావ ఊరు?" అన్నాను, వాచిన నోటితో.

"కథ మళ్ళీ రాస్తాను. ఆయన లేచి నా ఎదుట కూర్చున్నాకే ఆ పేరు" అని, కట్టు కట్టిన ఆ ముఖాన్ని చూసి వెళ్ళిపోయింది.

అరవైలో మా తాలూకా మద్రాసు వైపు పోయింది. ఆ ఏడే టపాలో పుస్తకం వచ్చింది. జర్మన్ మాకు రాదు. మొదటి పుటలోనే పటం. బావ ఒంటికంటితో దాని మీదికి వంగాడు. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను, లాభం, రెండు, మూడు. ఇరవై రెండు చుక్కల పక్కన అక్షరాలున్నాయి. చివరి చుక్క పక్కన ఏమీ లేదు.

"మరిచిపోయిందంటావారా?"

"లేదు బావా. నువ్వు ఎదురుగా కూర్చోలేదు కదా."

"అయితే వస్తాదిలే."

ఆమె రాలేదు. బావ ఆ పుట చించి గోడకు అంటించుకున్నాడు. నేనే రాసిపెడతానంటే చెయ్యి తోసేస్తాడు. "నువ్వు రాస్తే అది మూట లెక్క. ఆమె రాయాల" అంటాడు. మండీలో మేము నోటితో అనని అంకెను ఇక్కడ వేయక తప్పదు. ఈనాటికి రావలసిన ఊళ్ళు: ఒకటి.