రెండు చెవుల ఫోటో

శుక్రవారం పొద్దున పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేస్తే, నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన బొమ్మ నా కేన్వాస్ మీద సగంలో ఉంది. మొహం ఉండాల్సిన చోట ఖాళీ.

అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా రెండిళ్లకీ మధ్య చెక్క కంచె. ఆయనకి ఫోటోల పిచ్చి, నాకు బొమ్మల పిచ్చి. ఇద్దరికీ తిండి పెట్టింది మాత్రం సాఫ్ట్‌వేరే. ఒకసారి అంకుల్ మ్యూజియంలో, వందేళ్ల కిందట ఓ ఫోటోగ్రాఫర్ తన చిత్రకారుడైన స్నేహితుణ్ణి తీసిన ఫోటో చూశారు. సగం మొహం చీకట్లో, చూపు ఎటో. ఇక మనిషికి నిద్రలేదు. నన్ను అచ్చం అలాగే తీయాలని పట్టుబట్టారు.

గరాజ్‌లోంచి కార్లు బయటపెట్టి, పాత చెక్క కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డ కింద దూరేవారు. నేను కుర్చీలో కూర్చోగానే జుట్టు చెవుల వెనక్కి తోసి, నిటారుగా చూసేదాన్ని. రెండు చెవులూ కనిపించాలనే వీసా ఫోటోలు దిగీ దిగీ వచ్చిన అలవాటు, ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

"రెండు చెవులూ నాకెందుకమ్మా, నేనేమైనా వీసా స్టాంపింగ్ చేస్తానా?" అని గుడ్డ కిందనుంచి విసుక్కునేవారు. "నీ పెయింటింగ్‌లో తప్పు కనిపించినట్టు అటు చూడు."

అటు చూస్తే మెడ తిప్పొద్దనేవారు. తిప్పకపోతే మళ్లీ వీసా మొహం అనేవారు. నా నడుం పట్టేసేది. ఎండ జరిగిపోయిందని మళ్లీ శనివారం రమ్మనేవారు. చివరికి వచ్చిన ఫోటోలో నాకు ఒక్క చెవే ఉంది. అమ్మకి పంపితే ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నాకు మాత్రం, నన్ను నేను మొదటిసారి చూసుకున్నట్టనిపించింది. అది ఆయన చలవే.

అందుకే ఆయన బొమ్మ వేయాలనుకున్నాను. అందరినీ రాయిలా కూర్చోబెట్టే మనిషి తాను కుదురుగా కూర్చుంటేనా! లేచొచ్చి, వెలుగు ఎటునుంచి రావాలో నాకే పాఠం చెప్పేవారు. చొక్కా అయింది, చేతులయ్యాయి. మొహం దగ్గరికొచ్చేసరికి వచ్చేవారం చూద్దామన్నారు.

ఫ్యూనరల్ హోమ్‌లో దండ వేసిన ఫోటో చూసి ఒళ్లు మండింది. తెల్ల గోడ, నిటారు మెడ, రెండు చెవులు. వీసా ఫోటోనే పెద్దది చేయించారు.

"ఇంట్లో ఉన్నవన్నీ ఆయన తీసినవేనమ్మా," అన్నారు ఆంటీ. "ఆయన ఉన్నది ఇదొక్కటే దొరికింది."

బతికుంటే ఆయన్ని అక్కడే దులిపేసేదాన్ని. ఆంటీని అడిగి, ఫోటోని కాస్త కిటికీ వైపు జరిపాను. పక్కనుంచి ఎండ పడి, దండ నీడలో ఒక చెవి మాయమైంది. అప్పుడు ఆయనలా ఉన్నారు. ఎండ జరిగేలోపు నా కేన్వాస్ కోసం ఆ మొహం చూసుకోవాలని, కదలకుండా అక్కడే నిలబడ్డాను.